ముందు పని రాయండి, తర్వాత కంప్యూటర్ కొనండి

 

ఇంటికి ఒక కంప్యూటర్ కొనాలి. డబ్బు తక్కువ పెట్టాలి. ఇంటిల్లిపాదికీ పనికిరావాలి. అది ఎట్లా? ఈ పూట మన ముచ్చట అదే.

"అందరి చేతుల్లో ఫోన్లున్నయ్ కదా, మళ్లీ కంప్యూటర్ ఎందుకు?" అని మీలో కొందరు అడుగుతారు. సరైన ప్రశ్నే. జవాబు పరీక్ష హాల్లో ఉంది. మన తెలంగాణలో ఎంసెట్ 2018 నుంచి కంప్యూటర్ మీదే జరుగుతోంది. ఇప్పుడు దాన్ని ఈఏపీసెట్ అంటున్నాం. ఇంజినీరింగ్ పిల్లలకు 160 ప్రశ్నలు, 3 గంటల సమయం. జేఈఈ మెయిన్ ఇంజినీరింగ్ పేపర్ 2019 నుంచి పూర్తిగా కంప్యూటర్ మీదికి వచ్చింది. టీచర్ ఉద్యోగాల డీఎస్సీ కూడా 2024లో కంప్యూటర్ మీదే పెట్టారు.

అక్కడ ఫోన్ ఉండదు. మౌస్ ఉంటుంది, తెర ఉంటుంది. తెర మీద ప్రశ్నల నంబర్లు రంగురంగుల గళ్లలో కనిపిస్తుంటాయి. జేఈఈలో అంకెల జవాబును తెర మీద కనిపించే మీటల్ని మౌస్‌తో నొక్కి ఎక్కించాలి. ఆ మౌస్‌ను పిల్లవాడు మొదటిసారి పట్టుకునేది పరీక్ష నాడే అయితే ఎట్లా? లెక్క వచ్చినా చెయ్యి తడబడుతుంది. చెయ్యి తిరగాలంటే ఇంట్లో అలవాటు కావాలి.

అయితే, అందరికీ కంప్యూటర్ కావాలా? అక్కర్లేదు. మిర్చి ధర చూసుకోవడం, కరెంటు బిల్లు కట్టడం, పైసలు పంపడం, భూమి రికార్డు చూసుకోవడం, ఇవన్నీ ఫోన్‌లో అయ్యే పనులే. మీ ఇంట్లో ఇంతవరకే పని ఉంటే ఆ డబ్బు ఉంచుకోండి. కంప్యూటర్ కొనకండి.

అందుకే ఈ రోజు నేను చెప్పే మాట ఒక్కటే. ముందు పని రాయండి. తర్వాత కంప్యూటర్ చూడండి. మరోసారి చెబుతాను. ముందు పని రాయండి, తర్వాత కంప్యూటర్ చూడండి.

రాయడమంటే నిజంగానే కాగితం మీద రాయడం. ఇంట్లో అందరూ కూర్చోండి. ఎవరికి ఏ పని కావాలి? రోజుకు ఎంతసేపు? ఆ పని ఒకే చోట కూర్చుని చేసేదా, ఊళ్లు తిప్పేదా? ఈ మూడూ రాస్తే చాలు. ఏది కొనాలో ఆ కాగితమే చెబుతుంది. ఎట్లా చెబుతుందో మూడు ఇళ్లలోకి వెళ్లి చూద్దాం. ఇవి మనం అనుకున్న ఇళ్లే. కానీ మీ వాడలోనే ఉన్నట్టు ఉంటాయి.

మొదటి ఇల్లు జనగామ జిల్లా, పాలకుర్తి వైపు. నాన్నది వ్యవసాయం. కొడుకు ఇంటర్ ఎంపీసీ, చెల్లె తొమ్మిదో తరగతి. కాగితం మీద వాళ్లు రాసుకున్నది ఇది. కొడుకుకు మాక్ టెస్టులు, పాఠాల వీడియోలు. చెల్లెకు టైపింగ్, స్కూలు ప్రాజెక్టులు. నాన్నకు అప్పుడప్పుడు దరఖాస్తులు. అన్నీ ఇంట్లో ఒక బల్ల దగ్గర అయ్యే పనులే. కంప్యూటర్‌ను ఎక్కడికీ మోసుకుపోయేది లేదు. ఈ ఇంటికి ల్యాప్‌టాప్ అవసరం లేదు. బల్ల మీద పెట్టుకునే డెస్క్‌టాప్ చాలు. అది కూడా కొత్తదే కానక్కర్లేదు. ఆఫీసుల్లో వాడి తీసేసిన మంచి డెస్క్‌టాప్ సరిపోతుంది.

రెండో ఇల్లు మహబూబాబాద్ జిల్లా, తొర్రూరు వైపు. అమ్మ మహిళా సంఘంలో వీఓఏ, అంటే లెక్కలు రాసే సహాయకురాలు. పొదుపులు, అప్పులు, కిస్తీలు అన్నీ ఆమె రాయాలి. మీటింగు ఈ రోజు ఒక ఊళ్లో, రేపు మండల ఆఫీసులో. బిడ్డ వచ్చే ఏడు డిగ్రీకి హనుమకొండ హాస్టల్‌కు పోతుంది. ఈ ఇంట్లో పని తిరుగుతూ ఉంటుంది. కాబట్టి వీళ్లకు ల్యాప్‌టాపే కావాలి. కొంచెం ఎక్కువ పడినా అది దండగ ఖర్చు కాదు.

మూడో ఇల్లు భూపాలపల్లిలో సింగరేణి క్వార్టర్. నాన్నకు షిఫ్టు డ్యూటీ. కొడుక్కి వీడియోలు ఎడిట్ చేయడం, ప్రోగ్రాములు రాయడం మీద మనసు. ఈ పనులకు బలమైన కంప్యూటర్ కావాలి. కానీ ఆ బలమంతా మొదటి రోజే కొనక్కర్లేదు. లోపల ఖాళీ ఉండే పెద్ద డెస్క్‌టాప్ పెట్టె తీసుకుంటే ఈ ఏడు ఒక భాగం, వచ్చే ఏడు ఒక భాగం పెంచుకోవచ్చు. అరచెయ్యంత మందాన ఉండే చిన్న పెట్టెలూ దొరుకుతాయి. అవి చూడ్డానికి ముచ్చటగా ఉంటాయి. చదువు పనులకు భేషుగ్గా సరిపోతాయి. కానీ వాటిలో తర్వాత పెద్ద గ్రాఫిక్స్ కార్డు పెట్టడానికి జాగా ఉండదు.

చూశారా? మూడు ఇళ్లు, మూడు రకాల కొనుగోళ్లు. దుకాణంవాడు చెప్పింది కాదు, పొరుగింటివాళ్లు కొన్నది కాదు. ఇంటి పనే తేల్చింది.

ఇప్పుడు లోపలి సంగతి. దుకాణంలో మీకు చాలా పేర్లు వినిపిస్తాయి. అన్నీ గుర్తుపెట్టుకోకండి. మూడే గుర్తుపెట్టుకోండి. ర్యామ్, ఎస్ఎస్‌డీ, జనరేషన్.

మొదటిది ర్యామ్. మీరు ఒకేసారి తెరిచి ఉంచిన పనులన్నిటినీ పట్టి ఉంచేది ఇదే. ఒకవైపు పాఠం వీడియో, ఒకవైపు మాక్ టెస్టు, ఇంకోవైపు నోట్సు. ర్యామ్ తక్కువైతే కంప్యూటర్ మొరాయిస్తుంది. ఇంటి పనికి 8 జీబీ ఉండాలి. 4 జీబీ ఉందంటే ధర తగ్గిస్తామన్నా ఒప్పుకోకండి, ఇంకోటి చూడండి.

రెండోది ఎస్ఎస్‌డీ. మీ ఫైళ్లు, ఫొటోలు దాచే చోటు ఇది. పాత కంప్యూటర్లలో ఈ పనికి హార్డ్ డిస్క్ ఉండేది. అందులో ఒక పళ్లెం గిర్రున తిరుగుతుంటుంది. ఎస్ఎస్‌డీలో తిరిగే భాగమే లేదు. అందుకే వేగం ఎక్కువ. స్విచ్ వేసి చాయ్ పెట్టుకుని వచ్చినా తెరుచుకోని పాత కంప్యూటర్ కూడా, ఎస్ఎస్‌డీ వేయించగానే చకచకా లేచి కూర్చుంటుంది. ఇంటికి 256 జీబీ ఎస్ఎస్‌డీ చాలు.

మూడోది జనరేషన్. అంటే ప్రాసెసర్ ఎన్నో తరానిదో తెలియాలి. పాతది కొనేటప్పుడు ఇది చాలా ముఖ్యం. ఎందుకంటే కంప్యూటర్‌ను నడిపే విండోస్ 10కి ఉచిత మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. ఇప్పుడు నడిచేది విండోస్ 11. మైక్రోసాఫ్ట్ లెక్క ప్రకారం ఇంటెల్ ప్రాసెసర్ ఎనిమిదో తరం గానీ, ఆ తర్వాతిది గానీ అయితేనే విండోస్ 11కు పనికొస్తుంది.

ఆ తరం ఎట్లా తెలుస్తుంది? కంప్యూటర్ వివరాల్లో ఐ-ఫైవ్ అని ఉంటుంది. దాని పక్కన ఒక సంఖ్య ఉంటుంది. ఆ సంఖ్య మొదట్లో చూడండి. 8500 అని ఉంటే ఎనిమిదో తరం. 6500 అని ఉంటే ఆరో తరం. అయిదు అంకెలుండి, 10500 అని ఉంటే పదో తరం. చాలామంది ఐ-ఫైవ్ అనే మాట విని ఆగిపోతారు. ఐ-ఫైవ్‌లో పన్నెండు పదమూడేళ్ల కింద వచ్చిందీ ఉంది, మొన్న వచ్చిందీ ఉంది. కాబట్టి, "అన్నా, ఐ-ఫైవ్ సరే, ఎన్నో జనరేషన్?" అని అడగండి. ఆ ఒక్క ప్రశ్నతో మీరు తెలిసి వచ్చారని అవతలివాళ్లకు అర్థమవుతుంది.

మళ్లీ ఒకసారి. ర్యామ్ 8 జీబీ. ఎస్ఎస్‌డీ 256 జీబీ. ప్రాసెసర్ ఎనిమిదో తరం లేదా ఆపైన. కాగితం మీద పని రాసిన చోటనే, కింద ఈ మూడూ రాసుకోండి.

ధర తక్కువైతే చాలు కదా అనుకునేవారికి ఒక పాత సంగతి చెబుతాను. 2011 అక్టోబర్ 5న కేంద్ర ప్రభుత్వం ఆకాశ్ అనే ట్యాబ్లెట్‌ను విడుదల చేసింది. విద్యార్థులకు అతి చవకగా ఇవ్వాలన్నది ఆలోచన. వాటిని బిగించింది మన హైదరాబాదులోనే. ఒక్కోటి ప్రభుత్వానికి సుమారు 2,300 రూపాయలకు పడింది. దేశమంతా దాని గురించే మాట్లాడుకుంది. కానీ 7 అంగుళాల తెర, 256 ఎంబీ ర్యామ్. వేలితో గట్టిగా అదిమితే గానీ తెర పలికేది కాదు. బ్యాటరీ చాలడం లేదని, నెమ్మదిగా ఉందని ఫిర్యాదులు వచ్చాయి. ఈ రోజు మనం అడుగుతున్న 8 జీబీ ర్యామ్ దానికి 32 రెట్లు. ఆలోచన మంచిదే. ధర కూడా తక్కువే. కానీ ఇంటి పని, చదువు పని దాని మీద సాగలేదు. పని చేయని వస్తువు ఎంత చవకైనా ఖరీదైనదే.

ఇక ఎక్కడ కొనాలి? కొత్త ల్యాప్‌టాప్ మామూలుదైనా ఖర్చు ఎక్కువే అవుతుంది. ఆఫీసు నుంచి వచ్చిన డెస్క్‌టాప్ సాధారణంగా అందులో సగం లోపే దొరుకుతుంది. ధరలు మారుతుంటాయి కాబట్టి రెండు మూడు దుకాణాల్లో అడగండి. పెద్ద కంపెనీలు కొన్నేళ్లకు ఒకసారి తమ కంప్యూటర్లన్నీ మార్చేస్తాయి. పాతవాటిని బాగుచేసి దుకాణాల్లో అమ్ముతారు. వీటినే రిఫర్బిష్డ్ అంటారు. సికింద్రాబాద్ ప్యారడైజ్ దగ్గర చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. సీటీసీ అంటే ఎవరైనా చూపిస్తారు. కంప్యూటర్ దుకాణాలకు పేరున్న చోటు అది. జనగామ, మహబూబాబాద్‌వాళ్లకు సికింద్రాబాద్‌కు రైలుంది. భూపాలపల్లివాళ్లకు పరకాల మీదుగా హనుమకొండ దగ్గర. అక్కడా కంప్యూటర్ దుకాణాలున్నాయి. ధరలో కొద్ది తేడా ఉన్నా దగ్గరి దుకాణానికి ఒక లాభం ఉంది. చెడిపోతే తీసుకుపోవడం సులువు. ఆ తేడాను రానుపోను ఖర్చుతో కలిపి లెక్క వేసుకోండి.

పాతది కొనడమంటే భయమేనా? భయం వద్దు, పరీక్ష కావాలి. మన దగ్గర పాడిబర్రెను కొనేవాళ్లు ఏం చేస్తారు? కొమ్ములు, మెరుపు చూసి పైసలు చేతిలో పెట్టరు. సాయంత్రం ఒక పూట, పొద్దున ఒక పూట దగ్గరుండి పాలు పిండించి చూస్తారు. కంప్యూటర్‌ను కూడా అట్లాగే దగ్గరుండి నడిపించి చూడండి. అరగంట పట్టినా పట్టనీయండి.

ముందు మీ ఎదురుగానే ఆపించి, మళ్లీ వేయించండి. ఎంతసేపట్లో తెరుచుకుందో గమనించండి. తర్వాత కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ అనే మూడు మీటలు కలిపి నొక్కమనండి. ఒక చిన్న కిటికీ తెరుచుకుంటుంది. అందులో పర్ఫామెన్స్ అనే చోట ర్యామ్ ఎంతో కనిపిస్తుంది. డిస్క్ పక్కన ఎస్ఎస్‌డీ అని ఉందో లేదో కూడా కనిపిస్తుంది. మాట మీద నమ్మకం ఎట్లా ఉన్నా, కంటితో చూసుకోవడం మంచిది.

తర్వాత నోట్‌ప్యాడ్ తెరిచి కీబోర్డు మీద ప్రతి మీటా నొక్కండి. పెన్‌డ్రైవ్ వెంట తీసుకెళ్లి ప్రతి రంధ్రంలోనూ పెట్టి చూడండి. ఒక వీడియో పెట్టి శబ్దం వినండి. అది నడుస్తుండగా ఫ్యాన్ చప్పుడు గమనించండి. గరగరమంటే అడగండి. తెర మీద తెల్లటి పేజీ తెరిచి, ఎక్కడైనా నల్లచుక్క ఉందేమో చూడండి. పాత ల్యాప్‌టాప్ అయితే చార్జర్ తీసేసి నడిపించండి. బ్యాటరీ బండారం అరగంటలో బయటపడుతుంది.

చివరగా విండోస్ అసలుదేనా అని చూడండి. సెట్టింగ్స్‌లో యాక్టివేషన్ అనే చోట అది రాసి ఉంటుంది. దొంగ విండోస్ వేసి ఇస్తామంటే వద్దనండి. దాంతోపాటు ఏ వైరస్ వస్తుందో తెలియదు. డబ్బు పెట్టడం కుదరకపోతే విండోస్ బదులు లినక్స్ ఉంది. అది పూర్తిగా ఉచితం. ఉబుంటు, లినక్స్ మింట్ అనే పేర్లతో దొరుకుతుంది. ఆరు, ఏడో తరం పాత కంప్యూటర్ ఇప్పటికే ఇంట్లో ఉంటే దాన్ని పారేయకండి. లినక్స్ వేయించుకుంటే చదువుకు నడుస్తుంది. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ లినక్స్‌ను తెలుగులో కనిపించేటట్టు చేసింది. లెక్కలు, ఉత్తరాలు రాసుకోవడానికి లిబ్రెఆఫీస్ కూడా ఉచితమే.

అన్నీ బాగుంటే బిల్లు అడగండి. జీఎస్టీ బిల్లు మీద వారంటీ ఎన్ని నెలలో రాయించండి. నోటిమాట వారంటీ ఇంటికి చేరేలోపే మరిచిపోతారు. కాగితం మీది వారంటీ నిలబడుతుంది.

ఇప్పుడు చాలామందికి ఇంటికొచ్చాక తెలిసే ఖర్చు గురించి. డెస్క్‌టాప్ ధర అంటే పెట్టె ధర ఒక్కటే కాదు. మానిటర్ కావాలి. కీబోర్డు, మౌస్ కావాలి. యూపీఎస్ కావాలి. కరెంటు పోయినప్పుడు చిన్న యూపీఎస్ మీద పది నిమిషాలు నడిచినా చాలు, పని దాచుకుని ఆపేయవచ్చు. పరీక్ష ఫారం నింపుతుండగా కరెంటు పోతే దాని విలువ తెలుస్తుంది. కాబట్టి బేరం ఆడేటప్పుడే "అన్నీ కలిపి ఎంత?" అని అడగండి.

ఈ ఖర్చు తగ్గించే దారులూ ఉన్నాయి. ఇంట్లో ఉన్న టీవీకి హెచ్‌డీఎంఐ రంధ్రం ఉంటే, కొన్నాళ్లు దాన్నే మానిటర్‌గా వాడుకోవచ్చు. పిల్లలు మరీ దగ్గర కూర్చోకుండా చూసుకోండి. అయితే ఆఫీసు పెట్టెల్లో కొన్నిటికి హెచ్‌డీఎంఐ ఉండదు, డిస్‌ప్లే పోర్ట్ అనే వేరే రంధ్రం ఉంటుంది. సరిపోయే కేబుల్ అక్కడే అడిగి తీసుకోండి. లేకపోతే కేబుల్ కోసం మళ్లీ ఒక బస్సు చార్జీ.

ఇంకొకటి. ఆఫీసు డెస్క్‌టాప్‌లలో చాలావాటికి వైఫై ఉండదు. ఇంటికొచ్చాక "నెట్ రావట్లేదు, మోసపోయాం" అనుకుంటారు. మోసం కాదు. ఆఫీసుల్లో నెట్‌ను వైరుతో ఇస్తారు. మీరు మీ ఫోన్‌ను చార్జింగ్ వైరుతోనే కంప్యూటర్‌కు కలపండి. ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెదరింగ్ అనేది ఆన్ చేయండి. ఫోన్‌లోని నెట్ కంప్యూటర్‌కు వస్తుంది. పైసా అదనపు ఖర్చు లేదు. తర్వాత వీలైనప్పుడు చిన్న వైఫై డాంగిల్ కొనుక్కోవచ్చు.

కరెంటు బిల్లు గురించి కూడా భయపడకండి. పెట్టె, మానిటర్ కలిపి సుమారు 100 వాట్లు అనుకోండి. రోజుకు 4 గంటలు వాడితే నెలకు 12 యూనిట్లు. లెక్క అంతే.

కిస్తీల మీద కొనేవారు ఒక్క పని చేయండి. నెల కిస్తీని నెలలతో గుణించండి. ప్రాసెసింగ్ ఫీజు కలపండి. అదే కంప్యూటర్ నగదుకు ఎంతకిస్తారో అడగండి. రెండు సంఖ్యలూ పక్కపక్కన పెట్టి చూస్తే, దుకాణంలో చెప్పే "సున్నా వడ్డీ" అనే మాట అసలు రూపం తెలుస్తుంది.

కొన్నాక కాపాడుకోవాలి. భూపాలపల్లివైపు బొగ్గు దుమ్ము, మహబూబాబాద్‌వైపు మిర్చి ఆరబెట్టే రోజుల్లో ఘాటు దుమ్ము. ఫ్యాన్ రంధ్రాల్లో అది పేరుకుపోతుంది. కంప్యూటర్ వేడెక్కి మందగిస్తుంది. మెత్తటి కుంచెతో అప్పుడప్పుడు దులపండి. అల్మారాలో పెట్టి తలుపు మూయకండి. ఉరుములు మెరుపుల వాన వస్తే ప్లగ్గు పీకేయండి.

కంప్యూటర్‌ను నలుగురూ తిరిగే గదిలో పెట్టండి. పిల్లలు ఏం చూస్తున్నారో తెలుసుకోవడానికి వేరే నిఘా అక్కర్లేదు. అమ్మ కూడా కూర్చుని నేర్చుకుంటుంది. తెలుగులో టైపు చేయడం ఇప్పుడు కష్టం కాదు. విండోస్‌లోనే తెలుగు కీబోర్డు ఉంది. అమ్మ అని ఇంగ్లీషు అక్షరాల్లో కొడితే తెర మీద తెలుగులో పడుతుంది. జనగామ జిల్లా శ్రోతలకు ఇంకో ముచ్చట. మీ బమ్మెర పోతన పేరు మీద పోతన అనే ఉచిత ఫాంటు ఉంది. తిరుమల కృష్ణ దేశికాచారి గారు తయారుచేశారు. మీ సంఘం తీర్మానాన్నో, ఇంట్లో పెండ్లి పిలుపునో ఆ అక్షరాల్లో రాసుకోవచ్చు.

సమయం దగ్గరపడింది. ముఖ్యమైనవి మరొక్కసారి. ముందు పని రాయండి, తర్వాత కంప్యూటర్ చూడండి. పని ఇంట్లోనే అయితే డెస్క్‌టాప్, పని తిరిగేదైతే ల్యాప్‌టాప్. ఫోన్‌తో సరిపోతే ఏదీ వద్దు. ర్యామ్ 8 జీబీ, ఎస్ఎస్‌డీ 256 జీబీ, ప్రాసెసర్ ఎనిమిదో తరం లేదా ఆపైన. దగ్గరుండి నడిపించి చూడండి. బిల్లు మీద వారంటీ రాయించండి.

ఇంట్లో ఇంటర్ చదివే పిల్లలుంటే ఒక మాట. కంప్యూటర్ వచ్చిన రోజు నుంచే మాక్ టెస్టులు మొదలుపెట్టించండి. అవి నెట్‌లో ఉచితంగా ఉంటాయి. వారానికి ఒకటి, 3 గంటలూ లేవకుండా, మౌస్‌తోనే రాయనివ్వండి. కంప్యూటర్ మీద మీరు పెట్టిన డబ్బు గిట్టుబాటయ్యేది అక్కడే.